షుగర్ డౌన్ అయినప్పుడు ఏం చేయాలి: మెదడు కణాల లెక్క ప్రకారం

షుగర్ పడిపోతే చక్కెర పెట్టాలని ప్రతి ఇంట్లోనూ తెలుసు. ఎంత పెట్టాలి, ఏ రూపంలో పెట్టాలి, ఎంతసేపు ఆగాలి, ఏ మాత్ర వేసుకునేవాళ్లకు ఆ చక్కెర పనిచేయదు అన్న దగ్గరే తడబాటు. ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు నాడీకణాల దగ్గర దొరుకుతుంది. ఇంధనం తగ్గుతున్నకొద్దీ అవి ఏం చేస్తాయో తెలిస్తే కింద చెప్పే పనులను బట్టీ పట్టాల్సిన అవసరం ఉండదు.

ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు, వాళ్లతో ఒకే ఇంట్లో ఉండేవాళ్లు చదవాల్సిన విషయం ఇది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం అరుదు.

మెదడు ఖాతాలో నిల్వ లేదు

మన బరువులో మెదడు 2 శాతం. ఊరికే కూర్చున్నప్పుడు శరీరం ఖర్చు పెట్టే శక్తిలో మాత్రం దాదాపు 20 శాతం దానికే పోతుంది. రోజుకు 100 నుంచి 120 గ్రాముల గ్లూకోజ్, అంటే గంటకు 5 గ్రాములకు కాస్త అటూ ఇటూ. ఐదు లీటర్ల రక్తంలో, షుగర్ 90 (డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో) ఉన్నప్పుడు, కరిగి ఉండే మొత్తం గ్లూకోజ్ నాలుగున్నర గ్రాములే. ఒక టీ చెంచాడు! కాలేయం ఎప్పటికప్పుడు విడుదల చేస్తూ ఉంటేనే బండి నడుస్తుంది.

నాడీకణాల్లో చెప్పుకోదగ్గ నిల్వ ఉండదు. వాటి పక్కనుండే ఆస్ట్రోసైట్ కణాల్లో కొద్దిగా గ్లైకోజన్ (దాచిపెట్టిన గ్లూకోజ్) ఉంటుంది, కానీ అది కొద్ది నిమిషాల సరుకు. పైగా మెదడు లోపల కణాల చుట్టూ ఉండే ద్రవంలో గ్లూకోజ్ స్థాయి, రక్తంలో ఉన్నదానిలో నాలుగో వంతు మాత్రమే. మీటర్ మీద 60 అని కనిపిస్తే మెదడు కణం చూస్తున్నది 15 దగ్గర అన్నమాట.

మరి ఏకాదశి నాడు పచ్చి మంచినీళ్లు ముట్టనివాళ్లు పడిపోరెందుకు? షుగర్ జబ్బు లేనివారికి ఆహారం ఆగితే ఇన్సులిన్ తగ్గుతుంది, కొవ్వు కరుగుతుంది, ఆ కొవ్వు నుంచి కాలేయం కీటోన్లనే ఇంధనం తయారుచేస్తుంది, మెదడు వాటితోనూ కొంత నెట్టుకొస్తుంది. ఇన్సులిన్ ఇంజెక్షన్ ఎక్కువై పడిపోయిన షుగర్ అలాంటిది కాదు. ఒంట్లో ఉన్న ఇన్సులిన్ కాలేయాన్ని గ్లూకోజ్ విడుదల చేయనివ్వదు, కొవ్వును కరగనివ్వదు, ఉన్న కాస్త గ్లూకోజ్‌ను కండరాల్లోకి తోసేస్తుంది. గ్లూకోజ్ తీసుకోవడానికి మెదడుకు ఇన్సులిన్ అవసరం లేదు, అందుకే దానికి ఇందులో వాటా పెరగదు. ప్రధాన ఇంధనమూ లేదు, ప్రత్యామ్నాయమూ లేదు. ఒకే 50 అంకె ఉపవాసం ఉన్నవారిలో కంటే ఇన్సులిన్ ఎక్కువైనవారిలో ప్రమాదం కావడానికి కారణం ఇదే.

మొదటి పని: అంకె చూడండి, అంకెకు అర్థం తెలుసుకోండి

80 దాటి కిందికి దిగేటప్పుడు క్లోమం ఇన్సులిన్ వదలడం తగ్గిస్తుంది. ఇంజెక్షన్‌తో లోపలికి వెళ్లిన ఇన్సులిన్‌కు ఈ అదుపు ఉండదు. 65-70 మధ్య షుగర్‌ను పైకి లేపే హార్మోన్లు గ్లూకగాన్, అడ్రినలిన్ రంగంలోకి దిగుతాయి. ఆ హెచ్చరికకు మూలం మెదడు అడుగున ఉండే హైపోథాలమస్. అక్కడి కొన్ని నాడీకణాలు గ్లూకోజ్‌ను కొలిచే పని చేస్తాయి. 1964లో ఢిల్లీ ఎయిమ్స్‌లో బి.కె. ఆనంద్ బృందం, అదే ఏడాది జపాన్‌లో ఊమురా బృందం, గ్లూకోజ్ మారినప్పుడు హైపోథాలమస్ కణాల విద్యుత్ వేగం మారుతుందని రికార్డు చేసి చూపించాయి. గ్లూకోజ్ తగ్గితే వీటిలో ఒక రకం మౌనంగా అయిపోతాయి: లోపల ఏటీపీ (కణం వాడే శక్తి అణువు) తగ్గగానే కణం గోడలోని పొటాషియం ద్వారాలు తెరుచుకుంటాయి, పొటాషియం బయటికి జారుతుంది, కణం ఉత్తేజం చల్లారుతుంది. ఇంకో రకం దీనికి విరుద్ధం, తగ్గినకొద్దీ జోరు పెంచుతాయి. ఈ రెండింటి ఫలితమే మీ చెమట, మీ గుండెదడ.

మెదడులోని మిగతా చాలా కణాలకూ ఆ పొటాషియం ద్వారాలున్నాయి. సందేశాలు పంపడానికే నాడీకణం శక్తిలో పెద్ద వాటా ఖర్చు చేస్తుంది కాబట్టి, శక్తి తగ్గినప్పుడు నోరు మూసుకోవడం దానికి రక్షణ. మనకు మాత్రం అది మాట తడబడటంగా, మతిమరుపుగా కనిపిస్తుంది.

గుర్తుంచుకోవాల్సిన అంకెలు రెండే. 70 కంటే తగ్గితే చికిత్స మొదలుపెట్టాలి. 54 కంటే తగ్గితే మెదడు పని దెబ్బతింటోందని అర్థం, ఇంకెవరైనా పక్కన ఉండాలి. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాల్లో ఉండేవారి మీటర్ల మీద ఇవే 3.9, 3.0 అని కనిపిస్తాయి. 18తో గుణిస్తే మన అంకె వస్తుంది.

పరీక్షలో ఒక మోసం ఉంది. చేతిలో బెల్లం ముక్కో, పండో పట్టుకున్న వేలికే గుచ్చితే మీటర్ 180 కూడా చూపించగలదు. మీటర్‌ది తప్పు కాదు, వేలి మీద అంటుకున్న తీపి అది. సబ్బుతో కడిగి, తుడిచి గుచ్చండి. నీళ్లు అందుబాటులో లేకపోతే మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్క వాడండి. ఇక మీటరే లేదనుకోండి, లేదా స్ట్రిప్పులు అయిపోయాయనుకోండి: అనుమానం ఉంటే చక్కెర ఇచ్చేయండి. 250 ఉన్నవాళ్లకు పొరపాటున నాలుగు చెంచాల చక్కెర ఇచ్చినా ఆ పూట పెద్ద నష్టం లేదు. 40 ఉన్నవాళ్లకు ఇవ్వకపోతేనే నష్టం.

రెండో పని: మనిషిని చూడండి, ఆయన మాట నమ్మకండి

లక్షణాలు రెండు జట్లు. అడ్రినలిన్ వల్ల, హెచ్చరిక నాడుల వల్ల వచ్చేవి మొదటి జట్టు: చల్లని చెమట, చేతులు వణకడం, గుండెదడ, ఒక్కసారిగా ఆకలి, పెదవుల చుట్టూ తిమ్మిరి. ఇవి ఉన్నంతసేపు మనిషి తనను తాను చూసుకోగలరు.

రెండో జట్టు మెదడు కణాల ఆకలివి. చూపు మసకబారడం, ఒకటి రెండుగా కనిపించడం, అర్థంలేని కోపం, అడిగినదానికి సంబంధం లేని జవాబు, చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం, శూన్యంలోకి చూస్తూ కూర్చోవడం. కొందరిలో ఒక చెయ్యి, ఒక కాలు చచ్చుపడతాయి, పక్షవాతమనుకొని అందరూ అటే పరుగెడతారు. కొందరు తూలుతూ మాట్లాడితే తాగాడని వదిలేస్తారు. షుగర్ మందులు వాడే మనిషి ఎవరైనా వింతగా ప్రవర్తిస్తే ముందు వేలు గుచ్చాలి, తర్వాతే మిగతా ఆలోచనలు.

"షుగర్ తగ్గిందా నాన్నా?" అని అడిగితే "నాకేం కాలేదు, పొండి" అనే సమాధానం వస్తుంది చాలాసార్లు. ఆ మొండితనం కూడా లక్షణమే. నిర్ణయం తీసుకునే కణాలే ముందు చల్లబడ్డాయి. వాదన పెట్టుకోకుండా గ్లాసు చేతికివ్వండి, "ఇది తాగి తర్వాత తిట్టండి" అంటే చాలా మంది తాగేస్తారు.

మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్ లాంటి బీపీ, గుండె మాత్రలు వేసుకునేవారిలో వణుకు, దడ కనబడకపోవచ్చు. చెమట మాత్రం వస్తుంది. వాళ్ల విషయంలో చెమటనే పట్టుకోండి.

మూడో పని: 15 గ్రాములు, తూకంగా

పెద్దలకు 15 గ్రాముల త్వరగా ఒంటబట్టే తీపి కావాలి. వంటింటి భాషలో:

చక్కెర అయితే సమంగా నింపిన టీ చెంచాలు నాలుగు, అరగ్లాసు నీళ్లలో కలిపి. గుట్టగా పోస్తే లెక్క మారిపోతుంది. గ్లూకోజ్ పొడి అయితే ఇంట్లో చిన్న తూకం ఉంటే ఒక్కసారి 15 గ్రాములు తూచి, అది మీ చెంచాతో ఎన్ని చెంచాలో డబ్బా మీద మార్కర్‌తో రాసిపెట్టండి, కంగారులో ఎవరూ తూచరు. మామూలు కూల్‌డ్రింక్ అయితే 150 మిల్లీలీటర్లు, డైట్, జీరో అని రాసినవి పనికిరావు. తేనె ఒక పెద్ద చెంచా. పండ్లరసం చిన్న గ్లాసు, సుమారు 150 మిల్లీలీటర్లు.

ఐదేళ్లలోపు పిల్లలకు 5 గ్రాములు, ఐదు నుంచి పదేళ్ల వారికి 10 గ్రాములు సరిపోతాయి.

లడ్డూ, మైసూర్‌పాక్, చాక్లెట్, ఐస్‌క్రీం, పాలు వద్దు. నోట్లో తీపి తగలగానే పని జరిగిపోయిందనుకుంటాం, కానీ గ్లూకోజ్ చిన్నపేగు దాకా చేరితేనే రక్తంలోకి వెళ్తుంది. నెయ్యి, కొవ్వు ఉన్న పదార్థం కడుపులోనే ఆగుతుంది. మైసూర్‌పాక్ తిన్నవాళ్ల షుగర్ పెరుగుతుంది, అవసరం తీరిపోయాక.

ఇప్పుడు మన దగ్గర చాలామందికి తెలియని సంగతి. మందుల చీటీలో వోగ్లిబోస్ గానీ అకార్బోస్ గానీ ఉంటే చక్కెర, బెల్లం, కూల్‌డ్రింక్ ఆదుకోవు. చక్కెరను గ్లూకోజ్‌గా విడగొట్టే ఎంజైమ్‌నే ఈ మందు పేగులో ఆపుతుంది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోస్ మూడూ ఒకే మాత్రలో కలిపినవి మన మెడికల్ షాపుల్లో మామూలే, కొనేవారికి పైన ఉన్న బ్రాండ్ పేరే గుర్తుంటుంది. స్ట్రిప్ వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. ఆ పేరు కనిపిస్తే ఇంట్లో నేరుగా గ్లూకోజ్ పొడే ఉంచాలి, డబ్బా మీద ఉన్నది గ్లూకోజ్ అవునో కాదో కూడా చూడాలి, రుచుల కోసం చక్కెర కలిపినవీ ఉంటాయి.

నాలుగో పని: 15 నిమిషాలు ఆగండి

కష్టమైన మెట్టు ఇదే. చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఇది: తాగిన ఐదు నిమిషాలకు ఇంకా వణుకుతుంటే ఇంకో గ్లాసు, ఆపైన ఒక అరటిపండు, తర్వాత అన్నం. గంట గడిచేసరికి మీటర్ 320. పేగు నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి మెదడు రక్తనాళాల గోడ దాటి కణాల దగ్గరికి గ్లూకోజ్ చేరడానికి సమయం పడుతుంది. అడ్రినలిన్ కూడా వచ్చినంత వేగంగా దిగిపోదు. కాబట్టి ఆగి, మళ్లీ గుచ్చండి. ఇంకా 70 లోపే ఉంటే మరో 15 గ్రాములు, మరో 15 నిమిషాలు.

చేతికి షుగర్ సెన్సర్ పెట్టుకున్నవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అది రక్తాన్ని కాదు, చర్మం కింది ద్రవాన్ని కొలుస్తుంది, 5 నుంచి 15 నిమిషాలు వెనకబడి నడుస్తుంది. షుగర్ లేచిపోయినా ఫోన్ మీద ఎర్ర బాణం కిందికే చూపిస్తుంటే మనిషి తింటూనే ఉంటారు. కోలుకుంటున్న సమయంలో వేలి పరీక్షనే నమ్మండి.

70 దాటాక, తర్వాతి భోజనం గంటకు పైన ఉంటే, రెండు ఇడ్లీలో, ఒక చపాతీనో, బిస్కెట్లు పాలతోనో తినండి. కొవ్వు, పిండిపదార్థం ఇప్పుడు ఉపయోగం. ఆ పూట వేసిన ఇన్సులిన్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది.

గ్లిమెపిరైడ్ జాతి మాత్రల వల్ల స్పృహ తప్పేంతగా పడిపోతే, లేదా 15 గ్రాములు ఇచ్చిన కాసేపటికి మళ్లీ మళ్లీ పడిపోతుంటే, కోలుకున్నారని ఇంట్లో ఉంచొద్దు. మాత్ర 24 గంటలు, కిడ్నీ బాగోలేకపోతే అంతకంటే ఎక్కువ, క్లోమాన్ని పిండుతూనే ఉంటుంది. మనం ఇచ్చే గ్లూకోజ్ కూడా ఆ క్లోమాన్ని ఇంకా రెచ్చగొడుతుంది. ఆసుపత్రిలో ఒకటి రెండు రోజులు గమనించాల్సిన కేసు అది.

మింగలేని స్థితిలో ఉంటే

నోట్లో ఏదీ పోయకండి. చక్కెర నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టండి, కట్టుడు పళ్లుంటే తీయండి, ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ 108కి ఫోన్ చేసి "షుగర్ పేషెంట్, స్పృహ లేదు" అని ఆ రెండు మాటలూ ముందే చెప్పండి. మూర్ఛ వస్తుంటే చేతులు కాళ్లు అదిమి పట్టకండి. తాళాల గుత్తి చేతిలో పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం కాలయాపన తప్ప ఇంకేమీ కాదు.

ఇంట్లో గ్లూకగాన్ ఇంజెక్షన్ ఉంటే పెద్దలకు 1 మిల్లీగ్రాము, 25 కిలోల లోపు పిల్లలకు అందులో సగం, తొడ కండలో. ఇచ్చాక వాంతి అయ్యే అవకాశం ఉంది, అందుకే పక్కకు తిప్పి ఉంచాలి. ఇది కాలేయంలోని నిల్వను బయటికి లాగే మందు. రోజంతా తినని మనిషికి, రాత్రి ఖాళీ కడుపుతో మద్యం తాగిన మనిషికి లాగడానికి అక్కడేమీ ఉండదు. మద్యం కాలేయం కొత్తగా గ్లూకోజ్ తయారుచేయడాన్ని కూడా ఆపేస్తుంది.

ఆసుపత్రిలో సెలైన్ ద్వారా 25 శాతం డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) 100 మిల్లీలీటర్లు ఎక్కిస్తారు, అంటే 25 గ్రాములు. చాలామంది సూది తీయకముందే కళ్లు తెరుస్తారు. మద్యం అలవాటున్నవారికి, సరిగా తినక చిక్కిపోయినవారికి దానితో పాటు బి1 విటమిన్ కూడా కావాలి, ఆ అలవాటు సంగతి డాక్టర్ దగ్గర దాచొద్దు.

స్పృహ తప్పగానే మెదడు కణాలు చచ్చిపోతాయన్న భయం అక్కర్లేదు. జంతువుల్లో చేసిన ప్రయోగాల్లో రక్తంలో గ్లూకోజ్ సుమారు 18 కంటే దిగి, మెదడు విద్యుత్ తరంగాలు పూర్తిగా చదునైపోయాకే కణాలు చనిపోవడం మొదలైంది. అప్పుడు జరిగేది వట్టి ఆకలిచావు కాదు. కణాలను ఉత్తేజపరిచే రసాయనాలు గ్లుటమేట్, ఆస్పర్టేట్ కణాల మధ్యకు పొంగి, కాల్షియం లోపలికి దూసుకొచ్చి కణాన్ని లోపలి నుంచి ధ్వంసం చేస్తుంది. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్, మెదడు పైపొర ముందు దెబ్బతింటాయి, చిన్న మెదడు చాలావరకు తట్టుకుంటుంది. ఎక్కువసేపు అలా ఉండిపోయినవారు బతికి బయటపడినా జ్ఞాపకశక్తి దగ్గర తేడా కనిపించడానికి కారణం ఇది.

పిల్లల సంగతి ఒక్క మాట. బిహార్‌లోని ముజఫర్‌పూర్‌లో లిచీ కోతల కాలంలో పిల్లలకు వచ్చే మెదడు జబ్బు వెనక షుగర్ పడిపోవడమే ఉందని 2014 పరిశోధనలో తేలింది. రాత్రి అన్నం తినకుండా పడుకున్న పిల్లల్లో ముప్పు ఎక్కువగా కనిపించింది. లిచీలోని హైపోగ్లైసిన్ అనే పదార్థం కొవ్వును ఇంధనంగా మార్చే దారిని, గ్లూకోజ్ తయారీని అడ్డుకుంటుంది. తెల్లవారుజామున మూర్ఛతో వచ్చిన ఏ బిడ్డకైనా మొదట షుగర్ చూడాలి.

ఎందుకు పడిపోయిందో ఆ రోజే పట్టుకోండి

ముందు సిరంజి చూడండి. మన దగ్గర సీసా ఇన్సులిన్ సాధారణంగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు, పెన్నుల్లో వచ్చేది 100 యూనిట్లు. ఎర్ర మూత సిరంజి 40ది, నారింజ మూతది 100ది. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు లోపలికి వెళ్తుంది. షాపు మారినప్పుడల్లా సీసా మీద అంకె, మూత రంగు రెండూ కలిపి చూడాలి.

తర్వాత ఆ రోజు ఏం మారిందో చూడండి. మాత్ర వేసుకొని, పెళ్లి పందిట్లో భోజనం మూడింటికి దొరకడం. తిరుమల కాలినడక. తొడకు ఇన్సులిన్ వేసుకొని వెంటనే నడవడం, కదిలే కండ దగ్గర మందు తొందరగా రక్తంలో కలుస్తుంది. గట్టి వ్యాయామం ప్రభావం ఆ రాత్రి దాకా ఉంటుంది. కార్తీక సోమవారాలు, శివరాత్రి, రంజాన్ ఉపవాసాలకు మందు మోతాదు ముందే డాక్టర్‌తో మార్పించుకోవాలి, ఉపవాసం మొదలయ్యాక కాదు.

ఏ మార్పూ లేకుండా, అదే తిండి, అదే మందుతో షుగర్లు మెల్లగా తగ్గిపోతుంటే "షుగర్ నయమైపోయింది" అని స్వీట్లు పంచకండి. కిడ్నీలు బలహీనపడితే ఇన్సులిన్, మాత్రలు ఒంట్లోంచి త్వరగా పోవు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించండి.

అలారం మోగడం మానేస్తే

పదేపదే 60లకు, 50లకు వెళ్లేవారిలో హైపోథాలమస్ హెచ్చరించే స్థాయి కిందికి జారిపోతుంది. నిన్న ఒకసారి పడితే రేపటి చెమట కూడా తగ్గుతుంది. చివరికి 45 దగ్గర కూడా మనిషి హాయిగా టీవీ చూస్తూ ఉంటారు, ఆ తర్వాత మెట్టు నేరుగా స్పృహ తప్పడమే. "నాకు 50 వచ్చినా ఏమీ కాదు" అని గర్వంగా చెప్పేవాళ్లే ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాళ్లు.

ఇది చాలామందిలో తిరిగి బాగవుతుంది. రెండు మూడు వారాలు ఒక్కసారి కూడా 70 కంటే దిగకుండా చూసుకుంటే హెచ్చరికలు మళ్లీ మొదలవుతాయి. అందుకు డాక్టర్‌తో మాట్లాడి ఆ కొద్దిరోజులు లక్ష్యం కాస్త పైన పెట్టుకోవాలి, పరగడుపున 100 రావాలన్న పంతం పక్కన పెట్టాలి. పడుకునే ముందు ఒకసారి, వారానికి రెండు మూడు రోజులు తెల్లవారుజామున 3 గంటలకు ఒకసారి పరీక్ష. నిద్రలో అడ్రినలిన్ స్పందన మరీ మందకొడి. తడిసిన బనియను, పీడకలలు, పొద్దున్నే తలనొప్పి ఉంటే రాత్రి పడిపోయి ఉండొచ్చు.

బండి నడిపేవారికి బ్రిటన్‌లో పాటించే నియమం ఇక్కడా పెట్టుకోదగ్గది: ఇన్సులిన్ తీసుకునేవారు 90 కంటే తక్కువ ఉంటే ఏదైనా తిన్నాకే స్టీరింగ్ పట్టాలి, 72 కంటే పడిపోయి ఉంటే షుగర్ మామూలైన తర్వాత కూడా 45 నిమిషాలు ఆగాలి. మీటర్ 110 చూపించిన నిమిషంలో మెదడు కణాల వేగం ఇంకా వెనక్కి రాదు, బ్రేక్ మీద కాలు ఆలస్యంగా పడుతుంది. గ్లూకోజ్ పొట్లం డిక్కీలో కాదు, చేతికందే డ్యాష్‌బోర్డు అరలో ఉండాలి.